పదో వాటా

ఆటో ఇంకా ఆగలేదు... లక్ష్ముడు దూకేస్తాడు!

మోకాలు రోడ్డుకి గీరుకుని తోలు లేచిపోతుంది. చూసుకునే టైం లేదు. థర్మకోల్ పెట్టెని రెండు చేతులతో గుండెకి అదుముకుని లేస్తాడు.

వెనక హారన్!

తెల్ల బొలేరో. శ్రీకాకుళం దాటిన దగ్గర్నుంచి వదలడం లేదు.

తోలుతున్నది ఎవరో లక్ష్ముడికి తెలుసు. గిరిబాబు. రాజాంలో ధాన్యం లోడ్లు వేస్తుంటాడు. తమ జాలర్ల పేటలో ఉండే కుసుమకుమారికి తమ్ముడు.

"ఒరే లక్ష్ముడూ! ఆగరా! ఆగకపోతే తొక్కించేస్తాను!"

నిన్నటి దాకా 'బావా' అన్న నోరు అది.

ఆమదాలవలస బజారు. సాయంత్రం ఆరున్నర. చీకటి పడిపోయింది. ధాన్యం బస్తాలు దించుతున్న లారీ రోడ్డుకి అడ్డంగా ఉంది. లక్ష్ముడు వంగి, లారీకీ గోడకీ మధ్య సందులోంచి జారిపోతాడు.

బొలేరో ఆగిపోతుంది. తలుపు ధడాల్న తెరుచుకున్న చప్పుడు... గిరిబాబు దిగాడు!

పరుగు...

జనం ముక్కులు మూసుకుని దారి ఇస్తున్నారు. పెట్టెలో చేపల కంపు అలాంటిది. పైన నాలుగు కానాగంత చేపలు. వాటి కింద ఐసు. ఐసు కింద నల్ల కవరు.

కవర్లో పది లక్షల రూపాయలు!

అందులో ఒక్క రూపాయి కూడా లక్ష్ముడిది కాదు. బ్యాంకు వాళ్లు పొరపాటున అతని ఖాతాలో వేశారు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేయడానికే ఈ పరుగంతా.

దొంగైతే హాయిగా ఇంట్లో పడుకునేవాడు. ఖర్మ!

జేబులో ఫోను మోగుతుంది.

"ఎక్కడున్నావ్ లక్ష్ముడూ?"

ఉమాశంకర్. బ్యాంకు మేనేజరు. గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"టేసను కాడికి వచ్చీసినాను బాబూ... నా ఎనకాల మనిసి పడ్డాడు!"

"ఎవరు?"

"కుసుమ తమ్ముడు. పొద్దున్న దాని కాడ లచ్చ తెచ్చీసినానని కోపం మీదున్నాడు."



"అతనితో మాట్లాడకు. ఒక్క మాట కూడా! రెండో నంబరు ప్లాట్‌ఫాం, ఇంజను వైపు చివర. బండి పది నిమిషాల్లో వస్తుంది. డబ్బు నా చేతిలో పడితే నీ మీద కేసు ఉండదు. పడకపోతే మాత్రం ఏడేళ్లు జైలు. నీ ఒక్కడికే కాదు, మీ ఏడుగురికీ."

కట్!

మీ ఏడుగురికీ...

ఆ మాటే లక్ష్ముణ్ణి పరిగెత్తిస్తోంది.

లక్ష్ముడు తండేలు. పడవకి పెద్ద. సముద్రం మీద ఉన్నంతసేపూ మిగతా ఆరుగురి ప్రాణాలకీ అతనే పూచీ. ఒడ్డుకొచ్చాక వాళ్ల వాటాలకీ అతనే పూచీ. ఇరవై రెండేళ్లలో ఎవరి వాటాలోనూ ఒక్క చేప తగ్గలేదు. అతనికున్న ఆస్తల్లా ఆ పేరే.

స్టేషన్ గేటు... మెట్లు... వంతెన ఎక్కితే గిరిబాబు అందుకుంటాడు. కుర్రాడు!

లక్ష్ముడు ప్లాట్‌ఫాం చివరికి పరిగెడతాడు. వాలు దిగి, పట్టాల మీద అడుగు వేస్తాడు.

గూడ్సు వస్తోంది!

చెవులు చిల్లులు పడేలా కూత. లైటు కళ్లలోకి కొడుతోంది. పెట్టె చంకలో బిగించి ఒక్క ఉరుకు!

ఇంజను అతని వీపు వెనకే దూసుకుపోతుంది. గాలికి లుంగీ రెపరెపలాడుతుంది. 

గూడ్సు పెట్టెల మధ్య సందుల్లోంచి అవతల గిరిబాబు కనిపిస్తున్నాడు. చేతిలో ఏవో కాగితాలు. వాటిని ఊపుతూ అరుస్తున్నాడు. గూడ్సు చప్పుడులో ఒక్క ముక్క వినపడదు.

పోలీసు కాగితాలే అయి ఉంటాయి. లక్ష్ముడు మొహం తిప్పేసుకుంటాడు.

కుసుమ మొహం గుర్తొస్తోంది. వద్దన్నా గుర్తొస్తోంది!

ఇరవై రోజుల క్రితం ఫోనుకి మెసేజ్ వచ్చింది. లక్ష్ముడికి చదువు రాదు. ఇంజను చూసే వెంకీ చదివి, గుడ్లు తేలేశాడు.

"మావా... పది లచ్చలు!"

పోయినేడు తుఫానులో పడవ బద్దలైంది. వల కొట్టుకుపోయింది. గవర్నమెంటు వాళ్లు వచ్చి నష్టం రాసుకెళ్లారు. ఆ పరిహారమే ఇన్నాళ్లకి పడిందనుకున్నాడు లక్ష్ముడు. పడవ నష్టమంటే పడవలోని అందరి నష్టమూ కదా! వలలో పడింది ఒక్కడిది కాదు. అది పేట కట్టుబాటు.

బ్యాంకుకి వెళ్తే మేనేజరే దగ్గరుండి స్లిప్పు రాసి, వేలిముద్ర వేయించి, డబ్బు ఇప్పించాడు. "జాగ్రత్త" అని నవ్వాడు కూడా.

పగిలిన పడవ నీడలో, ఇసకలో కూర్చుని పంచారు. లక్ష్ముడితో కలిపి ఏడుగురికి ఏడు వాటాలు. పడవకొకటి. వలకొకటి.

పదోది అసిరయ్యది.

అసిరయ్య లేడు. ఆ తుఫానులోనే పోయాడు. సముద్రంలో పోయిన మనిషి వాటా ఏడాదిపాటు అతని ఇంటికి చేరాలి. అదీ కట్టుబాటే. ఆ లక్ష లక్ష్ముడే పట్టుకెళ్లి అసిరయ్య పెళ్లాం ఒళ్లో పెట్టాడు. కుసుమకుమారి ఏడ్చింది. తుఫానుకి ఎగిరిపోయిన ఇంటి రేకులు కొనుక్కుంటానంది. పదకొండు నెలలుగా నెత్తిన టార్పాలిన్ పట్టాయే ఉంది మరి.

మూడు రోజుల క్రితం మేనేజరు ఫోను.

"లక్ష్ముడూ, కొంప మునిగింది! అది నీ డబ్బు కాదు. పొరపాటున నీ ఖాతాలో వేసేశాం. పై వాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. మీరంతా జైలుకి పోతారు. బ్యాంకుకి రాకు, అక్కడ ఇనస్పెక్షను జరుగుతోంది. నగదుగా తెచ్చి నా చేతికివ్వు. నేనే వైజాగు ఆఫీసులో కట్టేసి సరిచేస్తాను."

ఎంత మంచోడు! తన ఉద్యోగం కూడా పణంగా పెట్టి కాపాడుతున్నాడనుకున్నాడు లక్ష్ముడు. పిచ్చి మా తండ్రి!

కొందరు బంగారం కుదువ పెట్టారు. వెంకీ బండి అమ్మేశాడు. తొమ్మిది వాటాలూ తిరిగొచ్చాయి.

కుసుమ మాత్రం ఇవ్వనంది.

"ఇది నా మొగుడి వాటా. ఎవులికిచ్చీది?"

"ఇచ్చీయే కుసుమా. కేసైపోతాది. అందరం జైలుకెల్లిపోతాం."

"నానేటి దొంగతనం సేసినానా బావా? నువ్వే తెచ్చి ఒళ్లో పెట్టినావు. ఇయ్యను!"

పొద్దున్న ఆరింటికి... పేటంతా చూస్తుండగా... ఆమె చేతిలోని గుడ్డమూటని లక్ష్ముడు లాగేశాడు. కుసుమ వదల్లేదు. మూటతోపాటు ఇసకలో ఈడ్చుకుంటూ వచ్చింది. వేళ్లు ఒక్కొక్కటీ విప్పదీశాడు.

"సచ్చిపోయినోడి వాటా బావా! సచ్చిపోయినోడిది లాక్కుంటావా! నీకు సముద్రం అన్నం పెడతాదా!"

ఎవరూ అడ్డం రాలేదు. వాటాలు తిరిగిచ్చిన వాళ్లంతా తలలు దించుకుని నిలబడ్డారు.

గూడ్సు ఇంకా అయిపోలేదు...

లక్ష్ముడు రెండో నంబరు ప్లాట్‌ఫాం ఎక్కుతాడు. కాలి నుంచి రక్తం కారుతోంది.

చివర దీపం కింద ఉమాశంకర్. తెల్ల చొక్కా. నీలం రంగు చక్రాల బ్యాగు.

"తెచ్చావా?"

"తెచ్చినాను బాబూ. పదీ ఉన్నాయి. లెక్కెట్టుకోండి."

ఉమాశంకర్ జేబు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. చేపలూ ఐసూ పక్కకి తోసి, కవరు తీసి, బ్యాగులో పడేస్తాడు. జిప్పు!

లెక్కపెట్టలేదు.

"బాబూ... రసీదు?"

"రసీదా?"

"మావోలు అడుగుతారు గదా. కాయితం ముక్క ఏటైనా..."

"పిచ్చోడా! రసీదు రాస్తే పొరపాటు జరిగిందని రాసిచ్చినట్టే. అప్పుడు నిన్ను ఎవరు కాపాడతారు?"

నిజమే కాబోలు. చదువుకున్నోడు చెబుతున్నాడు.

అనౌన్స్‌మెంట్. బండి వస్తోంది. ఉమాశంకర్ బ్యాగు జిప్పు కొంచెం తీసి, ఒక ఐదొందల నోటు లాగుతాడు.

"ఇది ఉంచు. కాలికి కట్టు కట్టించుకో."

"వద్దు బాబూ! అందులోది తియ్యకండి. లెక్క తగ్గిపోతాది!"

ఉమాశంకర్ అతని వంక ఒక్క క్షణం వింతగా చూస్తాడు. నోటు తన జేబులో పెట్టుకుంటాడు. బండి ఆగగానే ఎక్కేస్తాడు.

అయిపోయింది...

లక్ష్ముడు చేపల పెట్టె పక్కన కూలబడతాడు.  మొహం మీద చిన్న నవ్వు. ఏడుగురూ బతికిపోయారు. కుసుమకి ఏదోలా సర్దిచెప్పాలి. తన పెళ్లాం పుస్తెలమ్మైనా రేకులు కొనిపెట్టాలి.

వీపు మీద తన్ను!

లక్ష్ముడు బోర్లా పడతాడు. గిరిబాబు! జుట్టు పట్టి లేపి, చెంప మీద ఒక్కటిస్తాడు.

"డబ్బులెక్కడరా?"

"ఇచ్చీసినాను గిరీ... బేంకోలికి ఇచ్చీసినాను!"

"మా అక్క లచ్చ బేంకుకిచ్చినావా? మరి తొమ్మిదేవిరా?"

"తొమ్మిదేటి?"

గిరిబాబు కాగితాలు అతని మొహాన కొడతాడు.

"సదువుకో! సదువు రాదు గదా, సెప్తాను ఇను. ఇయాల అక్కని బేంకుకి తీసుకెల్లినాను. మేనేజరు సెలవు. కౌంటరు కాడ సుహాసినని కొత్త మేడం ఉన్నాది. అక్క కాతా తీసి సూసినాది. మా బావ సచ్చిపోయినందుకు బీమా డబ్బులొచ్చినాయి. ఎంతో తెలుసా?"

లక్ష్ముడు కింద పడిన కాగితాల వంక చూస్తాడు.

"పది లచ్చలు! ఇరవై రోజులైనాది. వొచ్చిన రోజే మొత్తం నీ కాతాకి ఎల్లిపోనాది. మా అక్క ఏలిముద్రతోటి!"

ప్లాట్‌ఫాం గిర్రున తిరుగుతుంది.

వేలిముద్ర...

బీమా కాగితాల మీద వేలిముద్రలు వేయించడానికి కుసుమని బ్యాంకుకి తీసుకెళ్లింది లక్ష్ముడే. మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇక్కడ వెయ్యమ్మా, ఇక్కడా, ఇదిగో ఇక్కడా అన్నాడు. అందులో ఖాళీ కాగితాలు కూడా ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా "ఇంకా రాలేదమ్మా" అనే అన్నాడు. మెత్తగా. కుర్చీ వేసి మరీ.

పొరపాటు కాదు!

పరిహారమూ కాదు!

పది లక్షలూ కుసుమవి. అసిరయ్య ప్రాణానికి కట్టిన వెల. దాన్ని తాను పది ముక్కలు చేసి పంచాడు. ఆమెది ఆమెకే ఒక ముక్క ఇచ్చి మహా న్యాయం చేశాననుకున్నాడు. ఆ ముక్క కూడా వేళ్లు విరిచి లాక్కొచ్చి... దొంగ చేతిలో పెట్టాడు. తన చేత్తోనే!

"పది మింగీసి ఒకటి మొహాన పడీసినావు! మల్లీ అదీ లాక్కున్నావు! నువ్వు తండేలువట్రా? తూ!"

బండి కూత!

లక్ష్ముడి తల విసురుగా తిరుగుతుంది. రైలు పెట్టెలు కదులుతున్నాయి. కిటికీలో తెల్ల చొక్కా!

"గిరీ! ఆడే! ఆ మేనేజరే! డబ్బు ఆడి కాడున్నాది... బండిలో ఉన్నాడు... వొగ్గీయి నన్ను!"

"ఏటి, ఎర్రోణ్ణి సేస్తన్నావా? మేనేజరు సెలవు మీదున్నాడని సెప్పినాను గదా!"

"వొగ్గీయిరా నాయనా!"

గిరిబాబు పట్టు ఇంకా బిగిస్తాడు. లక్ష్ముడి చెయ్యి చేపల పెట్టెలోకి పోతుంది. గుప్పెడు ఐసు గిరిబాబు కళ్లలో కొడతాడు. పట్టు వదులుతుంది!

పరుగు...

ఈసారి పెట్టె లేదు. గిరిబాబు వెనకనుంచి అరుస్తున్నాడు.

"పారిపోతన్నాడు! పట్టుకోండి!"

బండి వేగం అందుకుంటోంది. ఒక తలుపు కమ్మీ జారిపోయింది... రెండోది జారిపోయింది... మూడోది దొరికింది! కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. అలల మీద పడవ అంచు పట్టుకున్న చేతులవి. వదలవు.

లోపలికి ఎగిరి పడతాడు.

జనాన్ని తోసుకుంటూ... ఒక పెట్టె... ఇంకో పెట్టె... కిటికీ పక్కన ఉమాశంకర్! కాళ్ల మధ్య నీలం బ్యాగు.

"ఇయ్యి! అది కుసుమది! ఇచ్చీయి!"

లక్ష్ముడు బ్యాగు మీద పడతాడు. ఉమాశంకర్ మొహం ఒక్క క్షణం పాలిపోతుంది... ఒక్క క్షణమే.

"దొంగ! దొంగ! బ్యాగు లాక్కుంటున్నాడు! పట్టుకోండి!"

పెట్టెంతా లేచి నిలబడుతుంది.

ఒక వైపు తెల్ల చొక్కా, కళ్లజోడు, బూట్లు. ఇంకో వైపు చిరిగిన లుంగీ, ఒంటి నిండా చేపల కంపు, నెత్తురోడుతున్న కాలు. ఎవడు దొంగో ఇంకొకళ్లని అడగాలా?

మొదటి దెబ్బ మెడ మీద. తర్వాతివి లెక్కలేదు.

"బాబూ... నా మాట ఇనండి... ఆడే... ఆడే దొంగ..."

"మళ్లీ ఆయన్నంటున్నాడు! వెయ్యండి ఇంకోటి!"

విజయనగరం.

స్టేషన్‌లోని రైల్వే పోలీసుల గది. లక్ష్ముడు నేల మీద, గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. ఉమాశంకర్ కుర్చీలో. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. ఆయనకే.

ఎస్సై నరసింగరావు బ్యాగు తెరిపిస్తాడు. గుప్పుమని చేపల కంపు. నోట్ల కట్టలు!

"ఏంటి సార్ ఇది?"

లక్ష్ముడి రెండో కన్ను వెలుగుతుంది. దొరికిపోయాడు!

ఉమాశంకర్ తొణకడు. బెణకడు. టీ కప్పు కింద పెడతాడు.

"ఒక వితంతువు బీమా డబ్బు సార్. ఇతను ఆమె చేత వేలిముద్ర వేయించి తన ఖాతాకి మార్పించుకున్నాడు. నగదు కూడా తీసేశాడు. అదంతా కెమెరాలో ఉంది. బ్యాంకు పరువు పోకూడదని నేనే నచ్చజెప్పి తిరిగి రాబట్టాను. వైజాగులో అప్పజెప్పడానికి వెళ్తుంటే ఇలా ఎగబడ్డాడు."

"అబద్ధం బాబూ! ఆడే ఏసినాడు! ఆడే పొరపాటన్నాడు! ఆడే తెమ్మన్నాడు!"

ఎస్సై విసుక్కుంటాడు.

"పొరపాటున పడిన డబ్బుని ముట్టుకుంటారా? ఉన్నది ఉన్నట్టు ఉంచి, బ్యాంకుకి కాగితం రాసిచ్చి, స్టాంపు వేయించుకోవాలి. వాళ్లే ఖాతాలోంచి వెనక్కి తీసుకుంటారు. నగదు తీసి స్టేషన్లో మనిషి చేతికిస్తావా? ఈమాత్రం తెలీదా?"

"కాయితం రాయడం నాకు రాదు బాబూ. ఆ బేంకంటే ఈ బాబే గదా మాకు..."

"సాక్షులున్నారా?"

"ఉన్నారు! ఆరుగురున్నారు! వెంకీకి ఫోను సెయ్యండి!"

వెంకీ ఫోను స్విచాఫ్. రెండో నంబరు. స్విచాఫ్. మూడోది... అదీ అంతే.

ఎవరడిగినా తెలీదనండి, ఫోన్లు కట్టీసుకోండి అని బయల్దేరేముందు చెప్పింది లక్ష్ముడే. వాళ్లని కాపాడదామని! తండేలు మాట... ఆరుగురూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

"కుసుమ! కుసుమనడగండి! డబ్బుగల్ల మనిసి అది. అది అబద్ధమాడదు బాబూ. మొగుణ్ణి పోగొట్టుకున్న కాడ్నుంచి పదకొండు నెల్లు నా సేత్తో నేను సేపలిచ్చినాను దానికి. దాన్నడగండి!"

నరసింగరావు నంబరు కొడతాడు. స్పీకర్ ఆన్.

రింగ్... రింగ్...

"ఎవులండీ?"

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. లక్ష్ముడు మోకాళ్ల మీద ముందుకి జరుగుతాడు.

"కుసుమకుమారేనా అమ్మా? విజయనగరం రైల్వే ఎస్సైని. భయపడకు. మీ బ్యాంకు మేనేజరు ఉమాశంకర్ గారు తెలుసా? ఎలాంటి మనిషి?"

"తెలుసు బాబూ. మంచోడు. ఎప్పుడెల్లినా కుర్సీ ఏసి కూకోబెట్టీవోడు. నాలాంటి దానికి కుర్సీ ఎవులేస్తారు బాబూ..."

ఉమాశంకర్ టీ కప్పు మళ్లీ అందుకుంటాడు.

"సరే. నీ డబ్బు ఎవరు తీసుకున్నారమ్మా?"



లక్ష్ముడు ఊపిరి బిగబడతాడు. సెప్పు కుసుమా... నీ బావ అలాంటోడు కాదని సెప్పు!

"మా తండేలు బాబూ. లక్ష్ముడు బావ. పది లచ్చలూ ఆడి కాతాకే ఎల్లినాయి. పొద్దున్న ఆకరి లచ్చ కూడా నా ఏళ్లిరిసి లాక్కెల్లిపోనాడు. పేటంతా సూసినారు. ఆ సముద్రం నా మొగుణ్ణి తీసుకెల్లిపోయి... ఈణ్ణెందుకు వొగ్గీసినాదో బాబూ..."

ఫోను కట్.

నరసింగరావు పెన్ను మూత తీస్తాడు. బ్యాగుని ఉమాశంకర్ వైపు జరుపుతాడు.

"మీరు వెళ్లండి సార్. రేపు ఆఫీసులో కట్టిన రసీదు కాపీ మాకొకటి పంపండి."

జిప్పు చప్పుడు. చక్రాల చప్పుడు. తలుపు దాటి, ప్లాట్‌ఫాం మీదుగా దూరమైపోతుంది.

"ఏమంటావురా? ఆమె చేతిలోంచి లాక్కున్నావా, లేదా? అబద్ధమా ఆమె చెప్పింది?"

లక్ష్ముడు నోరు తెరుస్తాడు. పొద్దున్న కుసుమ వేళ్లు ఒక్కొక్కటీ విప్పదీసిన తన చేతుల వంక చూసుకుంటాడు.

"నిజమే బాబూ."